రాగి బాయిలరు ఊడదీసిన వారం

1951లో పెళ్ళయి జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చాను. వచ్చిన మూడో రోజు నుంచి 1965 కార్తీకం దాకా, పురుళ్ళకు పుట్టింట్లో ఉన్న నెలలు తీసేస్తే, రోజూ నాలుగింటికి లేచి స్నానాల గదిలో రాగి బాయిలరు రాజేసింది నేనే. నడుమ గొట్టంలో కందికట్టె, పిడకలు వేసి మంట పెట్టాలి. పైన గరాటులో ఒక బకెట్టు చన్నీళ్ళు పోస్తే కింద కుళాయిలోంచి ఒక బకెట్టు వేణ్ణీళ్ళు వస్తాయి. తీసుకున్నవాళ్ళు తీసుకున్నంత తిరిగి పోయాలనేది మా ఇంటి నియమం.

మొదట్లో అరగంటలో కాగేవి. మా మెట్ట బావుల నీళ్ళలో సున్నం ఎక్కువ. ఏడాదికేడాదికీ లోపల పొర కట్టి, చివరి ఏడాదికి గంటా పావు పట్టేది. అడుగున అతుకు కూడా కారడం మొదలైంది. కంచరి వచ్చి చూసి, ఇక మాటు వేసినా నిలవదన్నాడు. అప్పటికి నా నడుము కూడా అదే స్థితిలో ఉంది. నాకు కావలసింది ఒకటే, ఐదింటిదాకా నిద్ర. కరెంటు వచ్చి మూడేళ్ళయింది కాబట్టి, నీళ్ళలో ముంచే హీటరు కొనమని మా వారిని అడిగాను.

మా అత్తగారు ఒప్పుకోలేదు.

"నిప్పు తగలని నీళ్ళు పోసుకుంటే ఒళ్ళు నొప్పులు పోతాయటే?"

"వేడి ఎక్కడిదైనా వేడే కదా అత్తయ్యా."

"నీకేం, ఎన్నైనా చెప్తావు. మోకాళ్ళు నావి."

"లేచేది నేను," అన్నాను. పద్నాలుగేళ్ళలో ఆవిడకు ఎదురు చెప్పింది అదే మొదలు.

మా వారు బెజవాడ నుంచి హీటరు తెచ్చారు. గడియారం ముందు పెట్టుకుని ఒక బకెట్టు కాచి చూశాను. నలభై నిమిషాలు. కట్టె లేదు, పొగ లేదు, బూడిద ఎత్తక్కర్లేదు. సంతోషించి, మర్నాడే బాయిలరు తీయించమన్నాను.

పిల్లలు తోస్తే పడుతుందని దాన్ని మొదట్లోనే ఇటుక తిన్నెలో సున్నంతో బిగించారు. తాపీ మేస్త్రి పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి తిన్నె పగలగొట్టాడు. నీళ్ళన్నీ వదిలేసినా ముగ్గురు పడితే గానీ కదల్లేదు. పెరట్లో బోర్లించి తడితే తెల్లటి పెచ్చులు గంపెడు రాలాయి.

"ఇన్నాళ్ళూ మీరు కాచింది నీళ్ళు కాదమ్మగారూ, సున్నపు బట్టీ," అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు. నాకు నవ్వేంత ఓపిక లేదు.

తప్పు ఆ మర్నాడు బయటపడింది. మేం ఎనిమిది మందిమి. మనిషికి నలభై నిమిషాల చొప్పున ఐదు గంటల ఇరవై నిమిషాలు. చాకలి పద్దులో ఒక్క తువ్వాలు తేడా వస్తే పట్టుకునేదాన్ని, ఈ ఒక్క హెచ్చవేత వెయ్యలేదు. బాయిలరున్న ఇంట్లో స్నానాలకు మనుషుల్ని లెక్కపెట్టే అలవాటు ఎవరికీ లేదు. పోసినంతా వస్తుందన్న ధోరణిలోనే ఉండిపోయాం.

మా మరిది ఆరున్నర బస్సుకు వెళ్ళాలి. మా వారు అంతకంటే ముందు పొలానికి వెళ్ళాలి. పిల్లలకు బడి. హీటరు పెట్టినప్పుడు బకెట్టు ముట్టుకుంటే షాకు కొడుతుందని నేను పక్కనే కూచోవాలి, చిన్నదానికి మూడేళ్ళు. మూడో రోజుకు నేను లేచే వేళ మూడున్నర అయింది. నడుమ వంటకు లేచినప్పుడల్లా హీటరు తీసేసేదాన్ని కాబట్టి, అత్తగారి వంతు వచ్చేసరికి పదకొండు దాటేది. ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని ఎదురుచూసేవారు. తిడితే బాగుండేది.

ఆరో రోజు నేను లేవలేదు. మెలకువ వచ్చేసరికి ఎండ గడపలోకి వచ్చింది. కంగారుగా పెరట్లోకి వెళ్తే, అత్తగారు మూడు రాళ్ళ మీద పెద్ద గంగాళం పెట్టి, కాళ్ళు చాపుకుని కూచుని కట్టెలు ఎగదోస్తున్నారు. అప్పటికే మగవాళ్ళ స్నానాలు అయిపోయాయి.

"లేచావా మహారాణీ! టైమెంతయిందో చూశావా?"

"లేపొచ్చు కదా అత్తయ్యా."

"లేపితే ఏం చేస్తావ్? ఆ కడ్డీకి కాపలా కూచుంటావ్. మొహం చూసుకో, ఎట్టా పీక్కుపోయిందో. పో, వెళ్ళి కాసేపు పడుకో."

ఆవిడకు అప్పుడు అరవై రెండేళ్ళు. మంట ముందు నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఆ కట్టె నేను అందుకోవాలని తెలుసు. ఏ కోడలైనా అందుకుంటుంది. నేను అందుకోలేదు. లోపలికి వెళ్ళి పడుకుని, ఏడున్నరకు లేచాను.