నాలుగు నిమ్మకాయల మీద డ్రోన్

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తరవాత అనుకోకండి. హనుమకొండలో పందొమ్మిదేళ్లుగా మ్యాచింగ్ సెంటర్ నడిపే మనిషికి శాంతం ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి? ఒకావిడ చీర పరిచి, "గీ ఎరుపు గాదు, జర ముదురు" అంటుంది. ముదురుది తీస్తే, "గింత ముదురు గాదు" అంటుంది. జాకెట్టు గుడ్డల్లోని ఎరుపులన్నీ కౌంటర్ మీద కుప్ప పోశాక, మొదట వద్దన్న ముక్కే పట్టుకుని పోతుంది. అట్లాంటి ఒక సాయంత్రం షట్టర్ దించి, స్టూలు మీద కూలబడి, ఫోన్‌లో ఎవరో డ్రోన్ ఎగరేసిన వీడియో చూశాను. పైన గాలి, చెట్ల తలలు, నీళ్ల ట్యాంకులు. మ్యాచింగ్ అడిగే మనిషి ఒక్కరు లేరు. నాకు అది కావాలనిపించింది.

మా ఆయనకు కాజీపేట రైల్వేలో ఉద్యోగం. "నలభై ఆరేండ్లకు ఇగ పెండ్లిళ్ల వీడియోలు తీయ పోతవా ఏంది?" అని పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు చూసే కొనేశాను. పావుకిలో కూడా లేని చిన్నది. అత్తమ్మకు చెప్పకుండా రెండు ఆదివారాలు వర్ధన్నపేట దగ్గర మా తమ్ముడి చేనుకు పోయి, పత్తి తీసేసిన ఖాళీ జాగాలో ఎగరేసి వచ్చాను. లేచింది, తిరిగింది, దిగింది. ఇంతేనా అనుకున్నాను కూడా.

మూడో వారం అత్తమ్మకు అల్మారాలో డబ్బా దొరికింది.

"ఇదేందే?"

"డ్రోన్ అత్తమ్మా. గాలిల ఎగురుతది."

"లేపినవా?"

"రెండుసార్లు."

"పూజ చేయకుండనే?" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. మా ఇంట్లో స్కూటర్, మిక్సీ, షాపులో కుట్టుమిషన్, అన్నీ ఆమె చేత బొట్టు పెట్టించుకున్నాకే కదిలాయి. "గాలిల పోయేదాన్ని ఉత్తగనే లేపినవంటె నీకు ధైర్యమన్న ఎక్కువుండాలె, తెలివన్న తక్కువుండాలె" అంది.

ఆ ఆదివారం నేను మధ్యాహ్నానికే షాపు మూసి వచ్చేసరికి డాబా మీద పీట, పీట మీద ముగ్గు, ముగ్గులో నా డ్రోన్. నాలుగు కాళ్ల కింద నాలుగు నిమ్మకాయలు. నెత్తిన పసుపు, భుజాలకు కుంకుమ, మెడ అనేది లేదు కాబట్టి నడుముకు మూరెడు మల్లెపూలు. పూలు తీయించాను. కెమెరా అద్దం మీది బొట్టు నేనే జాగ్రత్తగా తుడిచాను. ఎంత తెలివైనదాన్నో అని లోపల మెచ్చుకున్నాను కూడా.

పక్క డాబా మీద నులకమంచం వేసి చిన్నమ్మ మిరపకాయలు ఎండబోస్తోంది. మాకు చుట్టం కాదు. పాతికేళ్లుగా పక్కిల్లు కాబట్టి అత్తమ్మకు చెల్లె, నాకు చిన్నమ్మ. రెండు డాబాల మధ్య నడుమెత్తు పిట్టగోడ, అంతే. పోయినేడు చిన్నాయన చనిపోయాడు. అప్పటినుంచి చిన్నమ్మ నాలుగు గంటల చాయ్ మా ఇంట్లోనే. ఏ శుభకార్యంలోనైనా ఎవరైనా ఆమెను పక్కకు కూర్చోమంటే, "నా చెల్లె కూసోని జాగల నేను సుత కూసోను" అని అత్తమ్మ భోజనం మధ్యలో లేచి వచ్చేసేది. అత్తమ్మతో నాకు వెయ్యి తగాదాలు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమె కాళ్లు మొక్కాలనిపించేది.

మా ఆయన కొబ్బరికాయ కొట్టాడు. నేను రిమోట్ పట్టుకున్నాను. దానికి పెట్టిన ఫోన్‌లో ఏదో పసుపుపచ్చ పట్టీ వచ్చింది. ఓకే నొక్కాను. మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కాను. ఇంకోసారి వచ్చింది, ఇంకోసారి నొక్కాను. ఫోన్‌లో వచ్చేవన్నీ చదువుకుంటూ కూర్చుంటే షాపు ఎవరు నడపాలి? డ్రోన్ బుర్రుమని లేచింది.

"ఏందే, నిమ్మకాయలు తొక్కనే లేదు!" అని అత్తమ్మ కంగారుపడి, నాలుగింటినీ తన మడమతోనే తొక్కింది.

చిన్నమ్మ మిరపకాయలు వదిలేసి, తల పైకెత్తి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "అబ్బ! ఎంత ముద్దుగ లేస్తాంది అక్కా!"

ఆ మాట పూర్తయిందో లేదో, డ్రోన్ పక్కకు జారడం మొదలుపెట్టింది. గాలి లేదు. నేను రిమోట్ మీది పుల్ల కదపలేదు. దానంతట అదే చిన్నమ్మ డాబా వైపు పోతోంది. కుడికి లాగాను. దాని ముఖం నా వైపు ఉంటే దాని కుడి నాకు ఎడమ అవుతుందన్న సంగతి వీడియోల్లో పదిసార్లు విన్నాను, ఆ క్షణంలో ఒక్కసారీ గుర్తు రాలేదు. అది ఇంకా జోరుగా పోయి చిన్నమ్మ వాళ్ల టీవీ డిష్‌కు గుద్దుకుని, తిన్నగా మిరపకాయల్లో పడింది.

ఇక్కడే నా ఘనకార్యం. పడ్డదాన్ని ఆపాలి కదా. ఆపలేదు. లేపబోయాను. నాలుగు రెక్కలు మంచం మీది ఎండు మిరపకాయలను మిక్సీలో వేసినట్టు ఆడించాయి. గల్లీ గల్లీ అంతా దగ్గు. కింద ఎవరో స్కూటర్ ఆపి మరీ తుమ్ముతున్నారు. మా ఆయన తుమ్ముకూ తుమ్ముకూ మధ్య అరుస్తున్నాడు: "బంద్ చెయ్యే! పట్టాలు దిగిన బండిని... మళ్ల ముందుకు... నడుపుతరా ఎవరన్న!"

ఎట్లాగో ఆపాను. అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దగ్గుతూనే అనేసింది. "అన్నదో లేదో పడె. ఆమె కన్నే తాకింది, ఇంకేంది! ఇంత పూజ చేస్తె అది సుత ఆపలేకపాయె."

చిన్నమ్మ అప్పటికే డ్రోన్‌ను కొంగులో పెట్టుకుని పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. అంతా వింది. కండ్ల నిండా నీళ్లు. కారానికే అనుకున్నాను. డ్రోన్‌ను గోడ మీద మెల్లగా పెట్టి, రెక్కలో ఇరుక్కున్న మిరపకాయ ముక్క తీసేసి, కిందికి దిగిపోయింది. అత్తమ్మ ముఖం మాడిపోయింది. కానీ ఆమె అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు.

మరునాడు నాలుగు గంటలకు చిన్నమ్మ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. షాపు నుంచి వచ్చి "చిన్నమ్మ వచ్చిందా?" అని అడిగితే అత్తమ్మ గిన్నెలు గట్టిగా తోమేది. చిన్నమ్మ డాబా తలుపు మూసే ఉంది. మిరపకాయల మంచం కూడా లేదు. గురువారం పొద్దున నేను స్కూటర్ బయటికి తీస్తుంటే, చిన్నమ్మ పాల ప్యాకెట్ పట్టుకుని ఎదురుగా వస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది. గబగబా వెనక్కి తిరిగి, గల్లీ మలుపు దాటిపోయింది. నేను పోయేదాకా రాలేదు. పనికి పోయేదానికి ఎదురు రావద్దని. ఇన్నేళ్లూ నాకు ఎదురొచ్చి "పోయిరా బిడ్డా" అన్న మనిషి.

అయినా నేనేం చేశాను? నోరు మూసుకున్నాను. నిజం ఒప్పుకోవాలంటే, దిష్టి అన్న మాట నాకు చాలా వీలుగా ఉంది. దిష్టి తగిలి పడితే నా చేతిలో తప్పు లేనట్టే కదా.

డ్రోన్‌ను వారమంతా అల్మారాలో పడేశాను. మా ఆయనే ఊరుకోలేదు. "మా దగ్గర పడ్డ బండిని చూడకుండ లైన్ మీదికి ఇడువరు. ముందుగాల ఏం ఇరిగిందో చూడు. ఎనక ఎందుకు పడ్డదో చూడు. రెండోది చూడకపోతె మొదటిది మళ్ల అయితది" అన్నాడు. రైల్వే వాళ్లకు ఉపన్యాసం ఇవ్వడం ఉద్యోగంలో భాగం కాబోలు. కానీ మాట నిజమే.

ఆదివారం పొద్దున షాపు తెరిచే ముందు కౌంటర్ మీద తెల్ల లైనింగ్ గుడ్డ పరిచి కూర్చున్నాను. ఆయన టిఫిన్ డబ్బా తెచ్చి, పోకుండా పక్కనే కూర్చున్నాడు. ముందు బ్యాటరీ తీసి కౌంటర్ అద్దం మీద పెట్టి అటూ ఇటూ కదిపాను. ఉబ్బితే ఊగుతుంది. ఊగలేదు. రెక్కల అంచుల వెంట గోరు నడిపాను, గుడ్డలో పోగు తెగిందేమో చూసినట్టే. రెండింటికి గాట్లు పడ్డాయి, ఒకటి మొదట్లో తెల్లగా పాలిపోయింది. మూడూ చెత్తబుట్టలోకి. రెక్కలను మోసే దాని చేతులు నాలుగూ వెలుగుకు పట్టి చూస్తే ఏమీ లేదు. కొంచెం మెలిపెట్టి చూస్తే మాత్రం వెనక చేతికి వెంట్రుకంత గీత నోరు తెరిచింది. ఇట్లాగే లేపి ఉంటే ఈసారి ఎవరి నెత్తిన పడేదో! మోటార్లు వేలితో తిప్పాను. మూడు మెత్తగా తిరిగాయి, నాలుగోది గరగరమంది. పట్టకారుతో ఒక మిరపగింజ తీశాను.

తరవాత దాన్ని వెల్లకిలా తిప్పాను. కడుపు కింద రెండు చిన్న అద్దాలుంటాయి. వాటితోనే అది నేలను చూసుకుంటూ ఉన్నచోట నిలబడుతుందట. రెండు అద్దాల మీదా ఎర్రగా మందంగా ఏదో అట్టకట్టింది.

"మిరప్పొడి" అన్నాడు మా ఆయన.

"ఎరుపు గురించి నాకు చెప్తాన్నవా?" అన్నాను. మిరప ఎరుపులో పసుపు కలిసి ఉంటుంది. ఇందులో నలుపు ఉంది. తెల్ల గుడ్డ మీద రుద్దితే ఇంకా బాగా తెలిసింది. అయినా అనుమానం తీరాలని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. కారం లేదు. కొబ్బరినూనె.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కొబ్బరినూనెలో కలిపిన కుంకుమ మా ఇంట్లో ఎవరు పెడతారో ఇద్దరికీ తెలుసు. నవ్వబోయాను. అప్పుడే ఆయన, "మరి అది నీకేం చెప్పలేదా, కనబడ్తలేదని?" అన్నాడు.

ఫోన్ తీసి, ఆ రోజు ఎగరేసిన వివరాలు తెరిచాను. పసుపుపచ్చ పట్టీ అట్లాగే ఉంది. కింది సెన్సర్లు మూసుకుపోయాయి, తుడవండి, ఇప్పుడు ఎగరేయవద్దు అని. మూడుసార్లు. మూడుసార్లూ నా బొటనవేలే ఓకే నొక్కింది. తల తీసేసినట్టయింది. అత్తమ్మా నేనూ చేసిన పనికి, ఏ పాపం ఎరగని మనిషి వారం రోజులుగా తలుపు వేసుకుని కూర్చుంది.

షాపు ఆయనకు వదిలేసి ఇంటికి పోయాను. అత్తమ్మ మెంతికూర ఒలుస్తోంది.

"అత్తమ్మా, దీని కడుపు కింద బొట్టు పెట్టిన్రా?"

"పెట్టిన. పెట్టొద్దా మరి?" అంది గర్వంగా. "గాలిల ఉన్నదాన్ని అందరు కిందికెల్లే గదా చూసేది. దిష్టి తాకేదే అక్కడ. రాలిపోతదని నూనె ఏసి మరీ పెట్టిన."

"మీ కండ్లద్దాలకు కుంకుమ రాసి, మెట్లు దిగమంటె దిగుతరా?"

అత్తమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. చేతిలో మెంతికాడ అట్లాగే ఉండిపోయింది. "అంటె... చెల్లెది ఏం లేదా ఇందుల?"

"ఏం లేదు. మీరు పెట్టిన్రు. వద్దు వద్దని అది మూడుసార్లు చెప్తె నేను చదవకుండ నొక్కిన. మనిద్దరమే."

"నువ్వు చదువుకున్నదానివి గదనే! గా ముక్క చదవనీకి నీకేం రోగం?" అని గట్టిగా అరిచింది. తరవాత గొంతు తగ్గింది. "నేను ఎంత మాటన్న చూడు... ఎవలన్న అంటె వాళ్ల మీదికి కొట్లాటకు పోయేదాన్ని నేను." చేతులు కడుక్కోకుండానే లేచింది. "నడువు."

చిన్నమ్మ తలుపు సగమే తీసింది. ముఖం పక్కకు తిప్పుకుని, తలుపు చాటున నిలబడింది. అత్తమ్మ గుమ్మంలోనే మొదలుపెట్టింది. దానికి కడుపు కింద అద్దాలున్నాయని, వాటికి నూనె రాసిందని, కోడలికి చదువు వచ్చినా లాభం లేదని, పాలకుర్తి గుట్ట మీది సోమన్న దేవుడి మీద ఒట్టు అని, ఒకదాని మీద ఒకటి. చిన్నమ్మకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. చివరికి అత్తమ్మ, "తప్పు నాదే చెల్లె. నీ కన్నుల ఏం లేదు. నా నోట్లె ఉన్నది" అని ఆగింది.

చిన్నమ్మ నేల చూస్తూనే మాట్లాడింది. "నువ్వు అనకముందుకే నేను అనుకున్న అక్కా. అది లేస్తాంటె చూసి నాకు మస్తు సంబురమైంది. ఆయన పోయినంక గంత సంబురం గదే మొదలు. పడంగనే అనిపిచ్చింది, నా సంబురమే దానికి తాకిందని. ఇగ నేను దేన్ని చూసి సుత సంబురపడొద్దనుకున్న."

నాకు ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి, కోపం నా మీదే. అత్తమ్మ చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండానే మా ఇంటికి తెచ్చి చాయ్ పెట్టింది, ఒక చేత్తోనే.

డ్రోన్ విరిగిన చెయ్యి హైదరాబాద్‌లో మార్పించుకుని వచ్చేసరికి ఇంకో నెల పట్టింది. మళ్లీ ఆదివారం, మళ్లీ డాబా. రెక్కలు, చేతులు, మోటార్లు, కడుపు కింది అద్దాలు అన్నీ చూసుకున్నాను. ఫోన్‌లో వచ్చిన ప్రతి ముక్కా బడిపిల్లలా పైకి చదివాను. అన్నీ బాగానే ఉన్నాయి. చిన్నమ్మే లేదు. వచ్చిందని అత్తమ్మ ఒట్టు పెడుతోంది. చూస్తే నీళ్ల ట్యాంకు వెనక, మాకు వీపు పెట్టి, ముఖం మీదికి కొంగు లాక్కుని నిలబడి ఉంది.

"ఇటు తిరుగే" అంది అత్తమ్మ.

"వద్దక్కా. లేచి మంచిగ దిగనియ్యి. దిగినంక చూస్త."

అత్తమ్మ నా వైపు తిరిగింది. "ఏయ్, చెల్లె చూసేదాక లేపకు."

"ఎంతసేపు అత్తమ్మా?"

"బ్యాటరీ అయిపోనీ. పొద్దు గూకనీ. చూడకుంటె లేపకు."

ఆగడం నాకు చేతకాని పని. కస్టమర్ రెండోసారి "గీ ఎరుపు గాదు" అంటేనే ఆగలేనిదాన్ని. బొటనవేళ్లు పుల్లల మీద పెట్టుకుని నిలబడ్డాను. మా ఆయన ఏదో అనబోతే అత్తమ్మ చూపుతోనే ఆపింది. చాలాసేపటికి ట్యాంకు వెనక కదలిక. చిన్నమ్మ కొంగు దించింది. మెల్లగా మా వైపు తిరిగి, రెండు కండ్లతో, తిన్నగా దాన్నే చూసింది.

అప్పుడు లేపాను.