నెల్లూరు గాలిలో మంచు

పదేళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎవరు తలుపు తట్టినా, ఇది తెలిసే వచ్చారేమోనని ఇప్పటికీ అనుమానమే. నా పేరు అడగకండి. మీకొక్కరికే చెబుతున్నాను.

పంతొమ్మిది వందల యాభైల చివర నేను సరుకుల విమానంలో కోపైలట్‌ని. రెండు ఇంజన్లది. తడి మబ్బుల్లోంచి దిగేటప్పుడు, ఇంజన్లో గాలీ పెట్రోలూ కలిసే చోట మంచు పేరుకుంటుంది. దారి మూసుకుపోయి ఇంజన్ ఆగిపోతుంది. అలా కాకుండా వేడిగాలి పంపే లివర్లు రెండుంటాయి. వాటిని లాగడం నా పని. అంతా చదివాను, పరీక్ష కూడా రాశాను. కానీ నేను నెల్లూరు వాణ్ణి. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయే మా తీరం మీద మంచేమిటని లోలోపల నవ్వుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం మబ్బులోకి దిగుతూ కెప్టెన్ అడిగారు, "హీట్ పెట్టావా?" అని.

పెట్టానన్నాను. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. చెయ్యి ఒళ్లోనే ఉంది.

కాసేపటికి ఎడమ ఇంజన్ తడబడింది. తర్వాత కుడిది. అప్పుడైనా లాగవచ్చు, చెయ్యి చాస్తే అందుతాయి. కానీ లాగితే నేను అబద్ధం చెప్పానని ఆయనకు తెలిసిపోతుంది. చావుకన్నా ఆయన నావైపు తిరిగి చూసే చూపుకే ఎక్కువ భయపడ్డానా? ఎన్నిసార్లు అడుక్కున్నా అవుననే వస్తుంది.

రెండూ ఆగిపోయాక, కృష్ణపట్నానికి దక్షిణాన సముద్రపు ఒడ్డు ఇసుక మీద దించారాయన. ఆయన నుదురు పగిలింది. చేపలు పట్టేవాళ్లు పరుగెత్తుకొచ్చి ఆయన్ని మోసుకుపోయారు. సంచి తెచ్చుకుంటానని నేను వెనకే ఉండిపోయాను. రెండు లివర్లూ అప్పుడు లాగాను.

మంచు కరిగిపోయింది. పోటు నీళ్లు ఇంజన్లను ముంచేశాయి.

విమానం విప్పడానికి వచ్చిన మెకానిక్ మా జిల్లావాడే, నాకన్నా పెద్దవాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"అబ్బయా, ఆ వేడిగాలి తలుపులు ముందురోజే నా చేత్తో ఆడించి చూసినాను. బాగుండాయి. నిజం చెప్పు. లివర్లు గాల్లో లాగినావా, నేల మీదనా?"

"గాల్లోనే అన్నా."

ఆయన నా చేతులకేసి చూశాడు. "సరే అబ్బయా," అన్నాడు.

విచారణవాళ్లు లివర్లు చూశారు, నా మాట విన్నారు, లాగినా వేడిగాలి రాలేదంటే మరమ్మతు సరిగా లేదని రాశారు. మెకానిక్ ఉద్యోగం పోయింది. నన్ను అడిగిన ప్రశ్న ఆయన అక్కడ ఎత్తలేదు. జాలిపడ్డాడా, ఆధారం లేక ఊరుకున్నాడా? ఏదో ఒకరోజు ఎత్తుతాడేమో. ఆ భయంతోనే ఇన్నేళ్లూ పడుకుని లేచాను.

ఇప్పుడు నేను కెప్టెన్‌ని. పక్కవాడు "పెట్టాను సార్" అంటే నమ్మను, వాడి చెయ్యి చూస్తాను. ఆ మెకానిక్ వెంకటాచలంలో రైతుల ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తున్నాడట. నెల్లూరు వెళ్లే బస్సు ఆ ఊరు దాటేదాకా నేను తల ఎత్తను.

క్షమించమని అడగలేను. ఆ రోజు ఆయన అడిగినదానికి జవాబు మాత్రం ఇదీ.

నేల మీద, అన్నా.