ఏడో లెవెలు పెద్దదా, మూడో లెవెలు పెద్దదా

పదవీ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా, ఒక ఆగస్టు నెలలో, బీఈఓ, అంటే బ్లాకు విద్యాధికారి, ఆఫీసు తపాలులో ఒక అర్జీ వచ్చింది. అప్పుడు నేను కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో శిక్షణ సంయోజకురాలిని. పేరు ఘనంగా ఉంటుంది గానీ, బీఈఓ కింద పనిచేస్తూ బడులు తిరిగి, చూసింది చూసినట్టు రిపోర్టు రాయడమే ఆ ఉద్యోగం. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఇదే ఊళ్లో పిల్లలకు లెక్కలు చెప్పాను.

అర్జీ పెట్టినది ఆండర్సన్‌పేట మునిరాజు. ఆయన కూతురు భువన అక్కడి ప్రభుత్వ కన్నడ బడిలో ఆరో తరగతి. లెక్కల్లో చురుకైన పిల్లలకు తాలూకా కేంద్రంలో శనివారాలు ప్రత్యేక తరగతులు మొదలవుతున్నాయి, ఒక్కో బడి నుంచి ఇద్దరి పేర్లు పంపాలి. తమ పాప పేరు పంపకపోగా, వెనకబడిన పిల్లల కోసం పెట్టే పరిహార బోధనలో కూర్చోబెట్టారని ఆయన ఫిర్యాదు. పేరు చేర్చండి, లేదా టీసీ ఇచ్చేయండి అని చివరి వాక్యం. బీఈఓ పక్కన సంతకం పెట్టి, స్థల పరిశీలన చేసి నివేదించమని నాకు తోశారు.

తమ బిడ్డ అసాధారణం అనుకోని తల్లిదండ్రులను నేను సర్వీసులో చూడలేదు. ఇదీ అలాంటిదే అయి ఉంటుందని, మధ్యాహ్నానికల్లా తేల్చేయొచ్చని బయల్దేరాను.

లెక్కల టీచరు జయశ్రీ శివమొగ్గ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. పని మీద శ్రద్ధ ఉన్నామె. అడగకముందే భువన పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. పాఠం రుణ సంఖ్యలు, అంటే సున్నా కంటే తక్కువగా ఉండే సంఖ్యలు. రెండేసి రుణ సంఖ్యలిచ్చి ఏది పెద్దదని అడిగిన ప్రశ్నలు ఎనిమిది. ఎనిమిదీ తప్పే. మైనస్ మూడు, మైనస్ ఏడు ఇస్తే, ఏడే పెద్దదని రాసింది. కింద కూడికలు, తీసివేతలు మాత్రం ఒక్కటీ తప్పకుండా చేసింది. మొదటి మెట్టే తెలియని పిల్లకు పై మెట్లు ఎలా వస్తాయి, పక్కపిల్లను చూసి రాసి ఉంటుందని టీచరు అనుమానం. ఆ మాట క్లాసులోనే అనేసింది కూడా. ఆ తర్వాత జరిగిన రెండు పరీక్షల్లో భువన పేరు రాసి, తెల్లకాగితం ఇచ్చి వచ్చింది.

ఆ తెల్లకాగితాలు చూశాక మధ్యాహ్నానికల్లా తేల్చేయాలన్న సంగతి మరచిపోయాను. పేపరు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఏమీ తెలియని పిల్ల గుడ్డిగా రాసినా ఎనిమిదింట్లో మూడో నాలుగో రైటయి ఉండాలి. ఎనిమిదికి ఎనిమిదీ తప్పు రాయాలంటే ఏదో ఒక పద్ధతి ఉండి తీరాలి. ఆ పద్ధతేమిటో చూడాలని నాకు పట్టుదల పుట్టింది. టీచరును కూడా వెంటబెట్టుకుని వాళ్లింటికి నడిచాను.

గని కార్మికులకు కట్టిన లైను ఇళ్లలో ఒకటి. తల్లి రెడ్డెమ్మ మమ్మల్ని చూసి కంగారుపడి, తర్వాత తన మాట చెప్పింది. మూడుసార్లు బడికి పోతే, తండ్రిని పంపమన్నారట. మునిరాజు తెల్లవారుజాము రైలుకు బెంగళూరు పనికి పోయే మనిషి, తిరిగొచ్చేసరికి బడికి తాళం పడుతుంది. "ఆయనకు ఆదివారం తప్ప పగలే లేదు మేడం. ఆదివారం మీ బడి యాడ ఉండాది?" అందామె. ఆ ఇల్లూ ఆ బడీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి.

వంటగది పక్క గోడ మీద బొగ్గుతో నిలువుగా ఒక గీత ఉంది. మధ్యలో సున్నా, అక్కడ 'గ్రౌండు' అని రాసి ఉంది. కింద ఒకటి, రెండు, మూడు అంటూ గోడ అడుగు దాకా అంకెలు దిగాయి. అది తాత చెంగలప్ప గీసిన గీత. గని మూతపడేదాకా ఆయన షాఫ్టు, అంటే గనిలోకి నిలువుగా దిగే బావి, మొగదల గంట కొట్టేవాడు. మనుషులను కిందికి దించే కేజ్ ఏ లెవెలుకు, అంటే భూమి కింద ఏ అంతస్తుకు, పోవాలో, ఎప్పుడు ఆగాలో ఆ గంటే చెప్పేది. మనవరాలికి లెక్కలు నేర్పింది ఆయనే, నేర్పింది ఆ షాఫ్టు మీదే.

మూడు పెద్దదా, ఏడు పెద్దదా అని గోడ చూపించి భువనను అడిగాను. టీచరు వైపు ఒకసారి చూసి, తల దించుకునే చెప్పింది. "ఏడే పెద్దది మేడం. ఏడో లెవెలుకు పోవల్లంటే తాడు ఎక్కువ కావల్ల."

తాత అందుకున్నాడు. "నేను చెప్పిందాంట్లో తప్పుంటే నన్ను అనండమ్మా. పాప దొంగతనంగా చూసి రాసే రకం కాదు."

జయశ్రీ గోడ దగ్గరికి వెళ్లి మూడు మీద, ఏడు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత అడిగింది, కేజ్ మూడులో ఒకటి, ఏడులో ఒకటి ఆగితే మీద ఉండేది ఏది అని. మూడు అంది భువన. పుస్తకం పెద్దది అనేది మీద ఉన్నదాన్ని, నువ్వు చెబుతున్నది లోతును అని టీచరు విడమరిచింది. పిల్ల గోడను పైనుంచి కిందికి ఒకసారి చూసి, అప్పుడు తల ఎత్తింది.

"అట్లయితే లోతుకు పుస్తకంలో ఏం పేరుండాది టీచర్?"

సున్నా నుంచి ఎంత దూరమో చెప్పే ఆ విలువకు పరమ మూల్యం అని పేరుంది. కానీ ఆ పేరు ఆరో తరగతి పుస్తకంలో లేదు, పై తరగతుల్లో వస్తుంది. పాఠం చెప్పకముందే పాఠం అవసరమని కనిపెట్టిన పిల్లను నేను సర్వీసులో మరొకరిని చూడలేదు. జయశ్రీ ఆ పేరు చెప్పి, దాని గుర్తును ఆ గోడ మీదే బొగ్గుతో రాసింది. తర్వాత, నువ్వు చూసి రాశావని నేను అనకుండా ఉండాల్సింది అని పిల్లతో నేరుగా అంది. టీచర్లు ఆ మాట అనడం తేలిక కాదు, నాకు తెలుసు.

మిగిలింది కాగితం పని. పంపిన జాబితా మార్చాలంటే ఎస్‌డీఎంసీ, అంటే తల్లిదండ్రులతో కూడిన బడి కమిటీ, తీర్మానం చేయాలి. ఆ కమిటీ ఎప్పుడూ పనిరోజు మధ్యాహ్నమే కూర్చునేది. ఆదివారం కూర్చోకూడదని ఏ నియమంలోనూ లేదు, ఎవరూ అడగలేదంతే, నేను అడిగాను. ఆ ఆదివారం రైలు ఎక్కే తండ్రులంతా వచ్చారు, కూర్చోవడానికి బెంచీలు చాలలేదు. మునిరాజు ముందు వరుసలో కూర్చుని, అర్జీలో అంత గట్టిగా రాసిన మనిషి, టీచరును ఒకే ఒక్కటి అడిగాడు. "ఇంట్లో మేము ఏం చెప్పల్లో, ఏం చెప్పకూడదో రాసిస్తారా?" ఏమీ ఆపవద్దనీ, తాత చెప్పిన లెక్కలన్నీ ఒక నోటుబుక్కులో రాసి పంపమనీ జయశ్రీ చెప్పింది. భువన పేరు మూడోదిగా చేరింది. మూడో పేరుకు కారణం చూపాలి గనుక, నా రిపోర్టుకు ఆ గోడ ఫొటో జతచేశాను. బీఈఓ మారుమాట్లాడకుండా సంతకం పెట్టారు.

ఆ రిపోర్టులో నేను రాయనిది ఒకటుంది. గని నడుస్తున్న రోజుల్లో ఇదే ఊళ్లో, ఇదే పాఠం నేను చెప్పాను. నా ముందు కూర్చున్న పిల్లల్లో సగం మంది తండ్రులు రోజూ కేజ్ ఎక్కి దిగేవాళ్లే. ఏడే పెద్దదని రాసిన పేపర్లు ఏటా వచ్చేవి. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్క పేపరు తీసుకునేదాన్ని. ఎందుకలా రాశావని ఒక్కరినీ అడగలేదు. గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు కొత్త టీచర్ల శిక్షణకు నన్ను పిలిస్తే ఒక్కటే చెబుతాను. ఒక పిల్ల అన్నీ తప్పు రాస్తే, మార్కులు వేసే ముందు ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రండి.