పగలు వెలిగిన గేటు దీపం

సోమవారం తెల్లవారుతుండగా మెయిన్ స్విచ్ కిందికి దించుతాను. ఫ్రిజ్ ఒక్కసారి ఒళ్లు విదిలించుకున్నట్టు కదిలి ఆగిపోతుంది. అప్పటిదాకా ఇంట్లో ఎన్ని వస్తువులు సన్నగా మూలుగుతున్నాయో అవన్నీ ఆగాకే తెలుస్తుంది. బజారు చివర ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు కూడా అప్పుడు వినిపిస్తుంది. ఖాళీ చేసిన ఫ్రిజ్ తలుపు మూతపడకుండా మడతపెట్టిన తువ్వాలు ఒకటి మధ్యలో ఇరికిస్తాను. లోపలి చల్లదనం కాస్త నిమ్మకాయ వాసనతో పాదాల మీదికి జారుతుంది. ఆ వాసన తగిలిందంటే నాకు రాజవ్వ గుర్తుకొస్తుంది. ప్రతి సోమవారం ఇదే సమయానికి, పిలవకుండానే, బతికున్నప్పుడు వచ్చినట్టే వస్తుంది.

నేను సిరిసిల్లలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. వారమంతా అక్కడే అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం వేములవాడ మీదుగా వచ్చే బస్సెక్కి కోరుట్లలోని మా ఇంటికి చేరుకుంటాను. పెళ్లి చేసుకోలేదు, అందుకు విచారమూ లేదు. బుగ్గారం అవతల ఒక ఊళ్లో మాకు గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. ఉండేది అని రాయడం నా చేతికి ఇంకా అలవాటు కాలేదు. భూములు పోయాయి, గడి కూలింది, దాని రాళ్లు ఎవరెవరి పునాదుల్లోకో వెళ్లిపోయాయి. మిగిలినదాంతో మా నాన్న, బాపు, కోరుట్లలో ఈ చిన్న ఇల్లు కట్టించి, ఇంటి స్థాయికి మించిన గేటు పెట్టించారు. గేటు స్తంభం మీద ఒక పెద్ద లైటు.

ఆ లైటుకు ఒక కథ ఉంది. గడి రోజుల్లో దొర ఊళ్లో ఉంటే పొద్దుగూకేసరికి తలవాకిట్లో దీపం వెలిగేది. ఏదో ఒక పని మీద వచ్చినవాళ్లు అది చూసి అరుగు కింద కూర్చునేవాళ్లు. దీపం లేదంటే దొర ఊళ్లో లేరని తిరిగి వెళ్లిపోయేవాళ్లు. బాపు మంచాన పడ్డాక నా చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే. "గేటు దీపం ఆరనియ్యకు బిడ్డా. అది ఆరితే మన పని అయిపోయిందంటరు." ఆరనివ్వనని మాట ఇచ్చాను. ఇచ్చిన మాట తప్పడం మా ఇంట్లో లేదు. నేను సిరిసిల్లలో ఉన్నన్ని రోజులూ ఆ లైటు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండేది. నేను ఇంట్లో ఉండే ఆదివారం పగలు మాత్రం, మనిషే ఉంది కదా అని ఆర్పి, పొద్దుగూకగానే మళ్లీ వెలిగించేదాన్ని.

అలాంటి రోజుల్లో మా ఎదురు స్థలంలో రాజవ్వ ఇల్లు లేచింది. గులాబీ రంగు, రెండంతస్తులు. ఆమె మామ మా గడికి కల్లు తెచ్చి పోసిన మనిషి. భర్త మస్కట్‌లో, తర్వాత కొడుకు దుబాయిలో సంపాదించింది ఆ గోడల్లో కనిపించేది. గృహప్రవేశం మరునాడు ఆమె నా గేటు ముందు నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా మా దొరసానివి? గింత సన్నగున్నవేంది? తింటలేవా?"

ఆ ఇంటివాళ్లు నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. వెనుదిరిగి లోపలికి వెళ్లిపోయాను. ఆమె ఏమీ అనుకోలేదు. సాయంత్రం చూస్తే గేటుకు ఒక సంచి వేలాడుతోంది. దాని నిండా ముంజలు. సంచి వెనక్కి పంపాలన్నంత కోపం వచ్చింది. కానీ ముంజలంటే నాకు ప్రాణం. సంచి ఒక్కటే వెనక్కి వెళ్లింది, ఉతికి, మడతపెట్టి.

రాజవ్వ పిసినారి అనుకుంటారేమో, కాదు. ఇంట్లో ఉన్నప్పుడు ప్రతి కిటికీలో వెలుతురు ఉండాల్సిందే. టీవీ మోత బజారంతా వినాల్సిందే. జగిత్యాలలోని బిడ్డ దగ్గరికో, కొండగట్టుకో బయలుదేరిన రోజు మాత్రం ఆ ఇల్లు పశువులు లేని కొట్టంలా నల్లగా నిలబడేది. ఒక ఆదివారం నేను ఉండబట్టలేక అడిగాను.

"ఇంత ఇల్లు కట్టుకుని అలా చీకట్లో వదిలి వెళితే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఉన్నన్ని దినాలు నా కోసం వెలిగిచ్చుకుంట. నేను లేనప్పుడు గోడలకు వెలుగెందుకు దొరసానీ? అవేమన్న బుక్కులు సదువుతయా?" అంది. తర్వాత మా గేటు వైపు గడ్డం ఎత్తి చూపింది. "గని నీ లైటు సంగతేంది? సూర్యునితోని పందెం ఏసుకున్నదా?"

"అది మా ఇంటి మర్యాద. మీకు తెలియదు."

"నిజమే, నాకు తెల్వది," అని నవ్వుతూ వెళ్లిపోయింది. ఆ నవ్వు నన్ను సిరిసిల్ల దాకా వెంటాడింది.

ఆ ఎండాకాలం ఒక శనివారం నేను బస్సు దిగి వచ్చేసరికి రాజవ్వ వరండాలో నులక మంచం మీద ఎవరో ముసలాయన పడుకుని ఉన్నాడు. నెత్తి మీద తడిగుడ్డ. రాజవ్వ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. దగ్గరికి వెళ్లి చూస్తే మల్లయ్య. మా గడిలో పశువులు చూసిన మనిషి. నన్ను భుజాల మీద ఎత్తుకుని తిప్పిన మనిషి. నన్ను చూడగానే లేవబోయాడు. రాజవ్వ భుజం పట్టి మళ్లీ పడుకోబెట్టింది.

"లేవకు తాతా. ఇప్పుడిప్పుడే జర తేరుకుంటున్నవ్." నా వైపు తిరిగింది. "మనుమరాలి లగ్గం పత్రిక ఇద్దామని పొద్దుగాల అచ్చిండు నీ దగ్గరికి. నీ గేటు ముంగట కూసున్నడు. ఇంట్ల ఎవలు లేరు తాతా, సిరిసిల్లల ఉంటది, మాపటికి అస్తది, మా ఇంట్ల కూసో అని మొత్తుకున్న. ఇంటేనా?"

మల్లయ్య మెల్లగా అన్నాడు. "దీపమున్నది గద దొరసానీ. దీపముంటే లోపల ఉన్నట్టే గద. పని ఒడిసినంక పిలుస్తవని కూసున్న."

ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలాగే కూర్చున్నాడట. గేటు తట్టలేదు. గడి తలుపు ఎవరూ తట్టేవాళ్లు కాదు మరి. చివరికి పక్కకు ఒరిగిపోతే రాజవ్వ, మా బజారుకు పాలు పోసే పాలాయన కలిసి మోసుకొచ్చి నీళ్లు తాగించారు.

రాజవ్వ విసనకర్రతో నా గేటు వైపు చూపించింది.

"గీ బజార్ల చిన్న పోరగానికి సుత ఎరుకే. పగటీలి నీ లైటు వెలుగుతున్నదంటే నువ్వు లేవన్నట్టు. ఆరిందంటే ఉన్నవన్నట్టు. పాలాయన గదే చూసి ఆగుతడు, గదే చూసి పోతడు. నీ లైటును నమ్మినోడు ఈ దునియాల ఈ ముసలాయన ఒక్కడే ఉన్నడు. ఆయననే ఎండల కూసోవెట్టినవ్."

మల్లయ్య నా తరఫున ఆమెను కసిరాడు. "ఊకో అవ్వా. దొరసానిని గట్ల అంటవా?"

"అంట. నాకేం భయం?"

ఆ రాత్రికి ఆయన్ని ఆమె ఇంట్లోనే ఉంచి, మర్నాడు నేనే ఆటో మాట్లాడి ఊరికి పంపాను. ఆ ఆదివారమంతా బాపు ఫొటో ఎదురుగా కూర్చున్నాను. దీపం ఆర్పితే బాపుకు ఇచ్చిన మాట పోతుంది. ఆర్పకపోతే బాపు వాకిట్లో దీపం అబద్ధమాడుతుంది. మా ఇంట్లో మాట తప్పడం లేదని రాశాను గదా, అబద్ధమాడడమూ లేదు. పొద్దువాలాక రాజవ్వ గడప దగ్గరికి వెళ్లాను. ఆ గడప దగ్గరికి నా అంతట నేను వెళ్లడం అదే మొదలు.

"దీపం లేకపోతే ఇల్లు పాడుబడ్డట్టు, పడావు పడ్డట్టు కనిపించదా?"

రాజవ్వ ఈసారి నవ్వలేదు. "ఇల్లు పడావు పడ్డదో లేదో లైటు చూస్తే తెలుస్తదా? వాకిలి చూస్తే తెలుస్తది. ఆకులు కుప్పవడి, సాన్పి నీళ్లు లేక, ముగ్గు లేక ఉంటే గదీ పడావు. నువ్వు అన్ని బంద్ చేసుకొని నిమ్మలంగ పో. నీ వాకిలి నేను ఊడుస్త."

"ఊరికే చేయించుకోవడం మాకు అలవాటు లేదు."

"ఊరికెందుకు? నేను జగిత్యాల పోయినప్పుడు నువ్వు నా వాకిలి ఊడువు."

నా వెన్ను నిటారుగా బిగుసుకుంది. ఆమె జవాబు కోసం ఆగలేదు.

సోమవారం పొద్దున్నే వచ్చి నాతోపాటు ఇల్లంతా తిరిగింది. ఆమెది ఒకటే పద్ధతి. ప్రతి వస్తువు మీద అరచెయ్యి పెట్టడం. టీవీ కింది డబ్బా మీద చెయ్యి పెట్టి, నా చెయ్యి కూడా లాగి దాని మీద పెట్టింది. వెచ్చగా ఉంది. రాత్రి నేను టీవీ పెట్టనే లేదు.

"సూసినవా? నువ్వు సిరిసిల్లల పిల్లలకు పాఠం చెప్తాంటే ఇది ఈడ వారమంత ఒళ్లు కాచుకుంటున్నది. వైరు గుంజు."

ఫోను లేని చార్జరు, గీజరు, వైఫై, ఒక్కొక్కటే లాగించింది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి చాలాసేపు అలాగే చూసింది. లోపల ఒక నిమ్మచెక్క, ఒక పచ్చడి సీసా ఉన్నాయి.

"దొరసానీ, గీ నిమ్మకాయ చెక్కకు వారం దినాల సంది ఏసీ పెట్టినవా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె ముందు నేను నవ్వడం అదే మొదటిసారి. ఆమె ఆ నిమ్మచెక్కను తీసుకుని ఫ్రిజ్ లోపలంతా రుద్ది, తుడిచి, తువ్వాలు మడిచి తలుపు సందులో ఇరికించింది. "మూస్తే కంపు కొడ్తది. నోరు తెరిచి పండనీ." చివరగా మెయిన్ దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుంది. "ఇగ గిది నువ్వే దించాలె. నీ బాపుకు మాట ఇచ్చింది నువ్వు."

దించాను. గేటు మీద లైటు ఆరిపోయింది. బస్టాండుకు వెళుతూ ఆటోలోంచి వెనక్కి చూస్తే మా స్తంభం మామూలు స్తంభంలా ఉంది. ఆ రోజు బడిలో పాఠం సరిగా చెప్పలేకపోయాను. కానీ శనివారం వచ్చేసరికి వాకిలి చల్లి, అలికినంత నున్నగా ఊడ్చి ఉంది. గేటు ముందు తెల్లటి ముగ్గు. నేను స్విచ్ వేసి లైటు వెలిగించిన కాసేపటికి పాలాయన బండి ఆగింది. "అచ్చినవా దొరసానీ? లైటు కనవడ్డది."

బాపు మరణం తర్వాత ఆ దీపం నిజం చెప్పడం అదే మొదలు.

మల్లయ్య మనుమరాలి పెళ్లికి రాజవ్వ, నేను కలిసే వెళ్లాం. ఆయన మమ్మల్ని చూసి చేతులు జోడించి, "ఇగ దీపం చూసుడు బంద్. ఫోన్ చేసే అస్త దొరసానీ," అంటే పందిట్లో అందరికన్నా గట్టిగా నవ్వింది రాజవ్వే. ఇప్పుడు శనివారం సాయంత్రం నా గేటు లైటు వెలిగితే లెక్కలు అర్థంకాని మా బజారు పిల్లలు పుస్తకాలతో వచ్చి అరుగు మీద కూర్చుంటారు. నేను పిలిచేదాకా ఆగరు, తలుపు తట్టేస్తారు.

రాజవ్వ జగిత్యాల వెళ్లినప్పుడల్లా ఆమె వాకిలి డబ్బులిచ్చి ఒక పనిమనిషితో ఊడ్పించి, ముగ్గు వేయించేదాన్ని. తిరిగొచ్చాక ముగ్గు వైపు చూసి, "గీ చెయ్యి నీది కాదు గద," అనేది. పోయిన వానాకాలంలో బిడ్డ ఇంటికి వెళ్లి, అక్కడే జ్వరంతో పోయింది. ఆ ముగ్గులో నా చెయ్యి ఆమె చూడనే లేదు.

కర్మలు ముగించుకుని కొడుకు శ్రీను దుబాయికి వెళుతూ ఇంటి ముందు కొత్త రకం లైటు పెట్టించాడు. అక్కడినుంచే ఫోనులో వెలిగించవచ్చట. ఒక శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి త్వరగా వస్తే, మిట్ట ఎండలో రాజవ్వ వరండాలో ఆ లైటు వెలుగుతోంది. ఫోన్ చేశాను.

"లైటు బంద్ చెయ్ కొడుకా."

"చీకటిగుంటే ఇల్లు పడావు పడ్డదంటరు చిన్నమ్మా. అమ్మ కట్టిన ఇల్లు."

ఆ భయం నాకు బాగా తెలుసు. "అననియ్యను. వాకిలి నేను చూస్త," అన్నాను. కాసేపటికి నా కళ్ల ముందే ఆ లైటు ఆరిపోయింది.

ఆ సోమవారం మెయిన్ దించి, తాళం వేసి, బ్యాగు గేటు పక్కన పెట్టి, చీపురు తీసుకుని రోడ్డు దాటాను. కొంగు నడుముకు దోపాను. ఊడ్చాను, నీళ్లు చల్లాను. ముగ్గు చుక్కలు నల్లబల్ల మీద గీతల్లా మరీ తిన్నగా వచ్చాయి. రాజవ్వ చూస్తే వెక్కిరించేది. పాలాయన బండి ఆపి, ముగ్గు వైపూ నా చేతిలోని చీపురు వైపూ మార్చి మార్చి చూశాడు.

"శ్రీను అచ్చిండా దొరసానీ?"

"రాలే," అన్నాను. "అచ్చినప్పుడు లైటు వెలుగుతది."