డుంబ్రిగుడ సంతలో రెండు ఇనప దూలాలు

డుంబ్రిగుడలో కొండరైతుల చింతపండు కొనే మా బావ కొట్టుని చెదలు తినేశాయి. ఈసారి ఇనుముతో కట్టిస్తానన్నాడు. ఇనుమమ్మే ఏజెంటుకి తోడుగా నన్ను కూడా రమ్మని అక్క కబురంపింది. అయిదో క్లాసుతో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ఎవరినైనా వెంటనే నమ్మేయడం నాకెవరూ నేర్పలేదు.

వాల్తేరులో పొద్దుటి రైలెక్కి, విజయనగరంలో ఇడ్లీ తిని, మోటారు బస్సులో మధ్యాహ్నానికి శృంగవరపుకోట చేరాం. అక్కణ్ణించి ఎడ్లబండి. వెళ్లదలచినవారు దుప్పటి మరవొద్దు; అనంతగిరిలో మాకు పడక దొరికింది గాని, అందులో నల్లులు ముందే పడుకున్నాయి.

బండిలో నమూనా దూలాలు రెండు: ఒకటి దళసరి యాంగిలు ఇనుము, రెండోది పల్చటి రేకుని దోనెలా మడిచింది.

"ఏటి బాబూ ఇయ్యి? పోలీసు ఠాణాకా?" అన్నాడు బండివాడు.

"కొట్టుకి."

"ఠాణాకైనా అలాగే సెప్తారు."

"మడత రేకే తీసుకోండి. కూలీల నెత్తిమీదే కొండ ఘాటీ ఎక్కేస్తుంది. యాంగిలుకైతే బళ్లు కావాలి" అన్నాడు ఏజెంటు.

"మీకు లాభం దేంట్లో ఎక్కువండీ?"

ఆయన నాకు కొండల అందం చూపించాడు.

మూడో రోజు సంత వేళకు చేరాం. బావ అప్పుడే మడత రేకుకి మనసిచ్చేశాడు.

"కాటా దేనికి వేలాడదీస్తావు బావా?"

"దూలానికే."

"అయితే కట్టి చూడు."

రెండు దూలాలనీ రాటల మీదికి ఎత్తించాం. మడత రేకుకి కాటా కట్టి, ఒక తట్టలో తూనికరాళ్లు, ఒక తట్టలో ఓ కొండరైతు తెచ్చిన చింతపండు గంప పెట్టాడు బావ. రేకు కాస్త వంగి, మెలితిరిగింది. గంప దించగానే మళ్లీ సరయింది.

"చూశారా, విరగదు!" అన్నాడు ఏజెంటు. నిజమే. కాటా ముల్లు కూడా సరిగ్గానే నిలిచింది.

రైతు మాత్రం గంప నెత్తికెత్తుకున్నాడు. "దూలమే నీ పక్కకి ఒంగతాంది సావుకారీ. నీ ముల్లునేటి నమ్మేది?"

"తూకానికీ దానికీ సంబంధం లేదోయ్!"

"మోసం సేసినోడూ అదే అంటాడు."

అతను ఎదుటి కొట్టుకేసి నడిచాడు. వెనకనున్న ఆడవాళ్లూ గంపలెత్తారు. ఆ గంపలు పోతే బావ కొట్టుకి ఇక రేకెందుకు, రాటెందుకు?

"బేగి ఆ రెండోదానికి కట్టండర్రా!" అని అరిచింది అక్క.

యాంగిలు ఇసుమంతైనా కదల్లేదు. రైతు తిరిగొచ్చి, ఒక కన్ను మూసి దూలం వెంట చూసి, గంప పెట్టాడు. అయినా ముల్లు మీంచి చూపు తీయలేదు. బావ సంగతి నాకూ తెలుసు గనక రైతుని తప్పు పట్టను.

తిరుగు దారంతా ఏజెంటు గొణుగుతూనే ఉన్నాడు: "రేకే సరిపోయేదండీ." బరువుకి సరిపోయేదే. కాని ఆ సంతలో బరువుని చూసేవాడు ఒక్కడూ లేడు. అందరూ దూలాన్నే చూస్తారు. యాంగిలే కావాలంటే బళ్లు ఘాటీ ఎక్కేసరికి వానలొచ్చేస్తాయి, అందాకా ఆకుల కప్పు కింద తడుస్తావే అని వచ్చేముందు అక్కతో అన్నాను.

"తడిస్తే ఆరతాం. ఎల్లిపోయిన గంపలు తిరిగొత్తాయేట్రా?" అంది.