పెద్దమ్మ ఆవుకు నేను పోసిన మందు

మొన్న కోయంబత్తూరులో మందుల షాపతను విటమిన్ ఇ మాత్రలు నా చేతిలో పెట్టి, ఇవి ఒంట్లో కణాలు పాడవకుండా కాపాడతాయని తమిళంలో వివరిస్తుంటే నవ్వొచ్చింది. ఆ మందును చుక్కలుగా కొలిచి ఆవుల అండాలకు పోస్తూ వయసు గడిపినవాణ్ణి నేను.

పెద్ద చదువు లేకపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నందుకు పశువుల ల్యాబులో సహాయకుడిగా పెట్టుకున్నారు. కబేళా నుంచి తెచ్చిన ఆవుల అండాశయాల్లోంచి, అండం దాగి ఉండే సన్నని బుడగల్ని వేరుచేసి గాజుగిన్నెల్లో పెంచేవాళ్లం. గాలికి ఇనుము తుప్పు పట్టినట్టు అవీ పాడవుతాయి గనుక, పోషకద్రవంలో విటమిన్ కలిపి, రోజూ వాటి వెడల్పు కొలవడం నా పని.

అప్పుడే తమిళనాడులోనే ఒట్టన్‌చత్రం దగ్గర, తరతరాలుగా తెలుగు మాట్లాడే మా ఊళ్లో, నన్ను పెంచిన పెద్దమ్మ ఆవు జబ్బుపడింది. పెద్దమ్మ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తోలుకొచ్చిన ఆవు సంతతిలో అదే చివరిది, ఆడదూడ పుట్టలేదు. మా ఇళ్లలో అలాంటి ఆవును అమ్మరు, చచ్చాక తోలు తీయనివ్వరు. పసుపునీళ్లు చల్లి, కొత్తగుడ్డ కప్పి, నిండు ఒంటితో సొంత చేలోనే పూడుస్తారు. చచ్చాక దాని అండాశయాలు తీస్తే ఆ సంతతి ల్యాబులో నిలుస్తుందేమోనని నా ఆశ; కానీ కడుపు కోయనివ్వమని అడగడం రోజూ వాయిదా వేశాను. చివరికి అడిగితే, పెద్దమ్మ చాలాసేపు ఆవు నెత్తి నిమిరి, "ఊపిరి పోయినంక దానికి నొప్పేముందిరా, తీసుకో. ఆనా ఒక మాట, మిగిలింది తెచ్చి దానికాడనే పెట్టాల, సరేనా?" అంది.

ఆవు పోయింది. పశువైద్యుడు తీసిచ్చిన అండాశయాల్ని గోరువెచ్చని ఉప్పునీళ్ల ఫ్లాస్కులో వేసి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఇక్కణ్ణుంచి దూడ దాకా మన ల్యాబు ఇంకా చేరలేదని ల్యాబు నడిపే మేడమ్ ముందే చెప్పినా, గిన్నెలో బుడగలు మెల్లగా పెరుగుతుంటే ఆశ ఆగలేదు. ఫోన్ చేస్తే పెద్దమ్మ, "దానికి టానిక్కు పోస్తా ఉండావే, నువ్వేమన్నా తింటివా? గొంతే ఎండిపోయింది," అని వెక్కిరించి, తర్వాత మెల్లగా, "ఎంత పెరిగిందిరా?" అనేది. రెండు వెంట్రుకల మందమంటే, దూడ లేచి నిలబడినంత సంబరపడేది.

ఒక ఉదయం చూస్తే అన్నీ నల్లబడి ఉన్నాయి. మందు వాటికి కొంత ఆయుష్షు పోసింది, అంతే. ల్యాబులో మిగిలినవి కాల్చేయడం నియమమైనా, నా మొహం చూసి మేడమ్ వాటిని చిన్న సీసాలో మూత బిగించి ఇచ్చింది. పెద్దమ్మ ఆ సీసాకు పసుపు పూసి, కొత్తగుడ్డ ముక్క చుట్టి, ఆవు పక్కనే గుంట తీయించింది. కంటికి కనపడనిదానికి ఇంత సంబడమా అని పక్కచేను ఆవిడ నవ్వితే, "నీకు కనపడదులే. మావాడు కొలిచినాడు," అంది.

పెద్దమ్మా పోయింది. ఇప్పుడా కొలతలు యంత్రమే తీస్తుంది, నాకంటే సరిగ్గా తీస్తుంది. ఆ చేను ఇప్పుడు మాది కాదు. ఇంట్లో మా తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. పొద్దున్నే గుమ్మంలో పాల ప్యాకెట్టు పడుతుంది; అవి ఏ ఆవు పాలో, దాని తల్లి ఎవరింటి నుంచి వచ్చిందో అడిగేవాళ్లు లేరు, అడిగినా చెప్పేవాళ్లు లేరు.