టీచరమ్మ బొమ్మ మూసేసిన వేళ

మా నూకాలు బడిలో నా బండారం ఎలా బయటపడిందో చెప్తాను, వినండి. ఇప్పుడంటే టీ తాగుతూ నవ్వుతున్నాను గానీ, ఆ వేళ నా పై ప్రాణాలు పైనే పోయాయి. స్టీలు ప్లాంటు కోసం నేల చదును చేస్తున్న రోజులవి. నేను పోర్టులో ఓడల సరుకు దించే కళాసీని.

నాకు చదువొచ్చని నా నమ్మకం. కోతలు కాదు, నిజంగానే నమ్మేవాణ్ని. ఓడలోంచి దిగే పెట్టె మీద గాజుగ్లాసు బొమ్మ ఉంటే "మెల్లగా దించండ్రా" అనేవాణ్ని. గొడుగు బొమ్మ ఉంటే తడవకూడదని షెడ్డులోకి తోయించేవాణ్ని. ఒక్కసారీ తప్పు పోలేదు. మా గ్యాంగులో అందరూ "ఏటి రాసుందో సూడు బావా" అని నన్నే పిలిచేవారు. పదేళ్లు అలా పిలిపించుకుంటే ఎవడైనా చదువుకున్నవాణ్నే అనుకుంటాడు.

మా పాప నూకాలు అప్పుడు ఒకటో తరగతి. రోజూ డ్యూటీ దిగి, కాళ్లు కడుక్కుని, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వాచకం చదివి వినిపించేవాణ్ని. ఒక పేజీలో ముసలమ్మా, మేకా ఉండేవి. "ముసలమ్మ మేకని తగరపువలస సంతకి తోలుకెళ్లింది. మేక తాడు తెంపుకుని ఉల్లిపాయల బస్తా ఎక్కేసింది" అని చదివాను. పేజీ తిప్పితే పడవ. సరే, మేక పడవ కూడా ఎక్కేసింది. పది రోజుల్లో నూకాలు పుస్తకమంతా అప్పజెప్పేసింది. "సూసావా, అంతా నా పోలికే" అని మా ఆవిడ ముందు మీసం మెలేశాను.

ఓ సోమవారం నూకాలు బిక్కమొహంతో ఇంటికొచ్చింది.

"నాన్నా, టీచరు నిన్ను రమ్మంతంది."

"ఎందుకమ్మా?"

"నాను సదివితే ముందు నవ్వింది. తరవాత రెండులోకి పంపనంది."

నెత్తి మీద క్రేను సరుకు వేలాడుతుంటే కింద నిలబడి బీడీ వెలిగించిన మనిషిని. అలాంటిది బడి గుమ్మం ముందు రెండుసార్లు చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కున్నాను. తోటిపిల్లలంతా ముందుకెళ్లిపోయి, నా పిల్ల ఒక్కతే వెనకబడిపోతుందేమోనని భయం.

టీచరమ్మ గోదావరి వైపు మనిషి, మర్యాదగానే మాట్లాడింది. "మీ అమ్మాయి చదవట్లేదండీ. బొమ్మ చూసి కథ చెబుతోంది. మీరే చూడండి" అంటూ వాచకం తెరిచి, బొమ్మ మీద అరచెయ్యి పెట్టేసింది. "ఇప్పుడు చదువమ్మా."

నూకాలు టీచరమ్మ వేళ్ల సందుల్లోంచి బొమ్మ కోసం వెతికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా నాన్న అలగే సదివాడు టీచర్. నాన్నకి అన్నీ వచ్చు. కావాలంటే సదవమనండి."

టీచరమ్మ పుస్తకం నా వైపు తిప్పింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

మేకా, ముసలమ్మా ఆ చేతి కింద ఉండిపోయారు. నాకు మిగిలినవి నల్లటి గీతలు. పదేళ్లుగా వాటి పక్కనుంచే పోతున్నాను, ఒక్కదానితోనూ పరిచయం లేదని అప్పుడు తెలిసింది. నూకాలు నా నోటి వంకే చూస్తోంది. ఏదో ఒకటి అనాలి కదా.

"టీచరమ్మా, మీ సెయ్యి అడ్డొస్తంది. తీసేస్తే సదివేస్తాను" అన్నాను.

టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నూకాలు మొహం చూడలేకపోయాను. ఇక దాని దగ్గర నాకు విలువేముంటుంది? అదే లేచొచ్చి నా వేలు పట్టుకుంది.

"మా నాన్నని కోప్పడకండి టీచర్. బొమ్మలు బాగా వచ్చు. అచ్చరాలే ఇంకా అవ్వలేదు."

"అయితే ఇద్దరూ పలక పట్టుకుని కూర్చోండి. పరీక్షల్లోగా అమ్మాయికి అక్షరాలొస్తే పంపిస్తాను" అంది టీచరమ్మ.

మర్నాడు పోర్టులో ఓ పెట్టె దిగింది. గ్లాసు లేదు, గొడుగు లేదు, బారుగా ఎర్ర అక్షరాలు మాత్రం ఉన్నాయి. ఇన్నాళ్లూ ఏం ప్రమాదం రాసుందో తెలియక ఇలాంటివాటి మీదే కూర్చుని బీడీలు కాల్చానని గుర్తొచ్చి, రెండడుగులు వెనక్కి వేశాను. "ఏటి రాసుంది బావా?" అన్నారు మా గ్యాంగువాళ్లు. "దూరంగా జరగమని" అన్నాను. పదేళ్లలో నేను సరిగ్గా చదివింది బహుశా అదొక్కటే.

నూకాలు ఆ వేసవిలోనే గడగడా చదివి రెండో తరగతికి వెళ్లింది. ఇంట్లో తనే నాకు టీచరై, నన్ను మాత్రం ఇంకో ఏడాది ఒకటిలోనే ఉంచింది, అదీ జాలిపడి.